శనివారం సంగతి నేను అడగలేదు

నర్సింగ్ చదివి గల్ఫ్‌కు పోబోయే పిల్లలు అప్పుడప్పుడు రాయచోటిలో మా ఇంటికి వస్తుంటారు. అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు ఎన్నాళ్ళకు చేతికొస్తుంది, వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు లాక్కుంటాడా, డ్యూటీ ఎన్ని గంటలు అని అడుగుతారు. అక్కడ చేయాల్సిన పని ఏమిటని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి లేచిపోతారు. వాళ్ళు అడగని దానికి జవాబు ఇక్కడ రాసి పెడుతున్నాను. చదివితే సంతోషం, చదవకపోతే వాళ్ళ ఖర్మ.

నా పేరు మహబూబ్ బాషా. కువైట్‌లో మంగఫ్ దగ్గర ఒక కట్టడాల కంపెనీ లేబర్ క్యాంపులో మేల్ నర్సుగా పనిచేశాను. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చేనాటికి అక్కడ చేరి ఏడేళ్ళు. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి ఇంకా చాలాకాలం చేశాను గానీ, పని నేర్చుకున్నది మాత్రం ఆ ఏడేళ్ళలోనే. అందులోనూ ఎక్కువ భాగం సైన్యం వచ్చాక గడిపిన రెండు నెలల్లో.

సూదా, చిట్టీనా

క్యాంపు క్లినిక్ అంటే ఒక గది, ఒక మంచం, ఒక ఫ్రిజ్జు, నేను. డాక్టరు వారానికి మూడు రోజులు వచ్చేవాడు. క్యాంపులో ఎక్కువమంది మా కడప జిల్లా పిల్లలే. ఇప్పుడు అన్నమయ్య జిల్లా అంటున్నారు, నాకింకా నోరు తిరగలేదు. ఇరవై నుంచి పాతికేళ్ళ లోపు వాళ్ళు. ఇనుప కడ్డీలు భుజాన వేసుకుని మూడు అంతస్తులు ఎక్కేవాళ్ళు. అంత గట్టి పిల్లలకు రోగమేమిటి అనుకునేవాణ్ణి.

క్లినిక్‌కు వచ్చేది రెండింటికే. ఒకటి సూది, రెండు సెలవు చిట్టీ. మాత్ర ఇస్తే మొహం మాడ్చుకునేవాళ్ళు. "ఈ బిళ్ళలతో ఏమయితాది సారూ, ఒగ సూది ఏయండి" అని చొక్కా చేయి పైకి మడిచి నిలబడేవాళ్ళు.

ముప్పై రెండేళ్ళ క్రేన్ హెల్పరు ఒకడు వారంలో రెండుసార్లు తలనొప్పి అని వచ్చాడు. రెండుసార్లూ నొప్పి మాత్ర ఇచ్చి పంపాను. బీపీ మిషను నా మోచేతి పక్కనే ఉంది. చూడలేదు. మూడోసారి అతను రాలేదు, నలుగురు మోసుకొచ్చారు. ఎడమ చేయీ ఎడమ కాలూ పడిపోయాయి. స్ట్రెచర్ మీద విమానం ఎక్కించాం. ఆ తప్పు నాది.

మా డాక్టరు సమీర్ పాలస్తీనా మనిషి. నోట్లో సిగరెట్టు పెట్టుకునే అందరికీ సిగరెట్టు మానమని చెప్పేవాడు. ఆ రోజు నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అతను వచ్చినప్పుడు ఏం అడిగావు?"

"ఎక్కడ నొప్పి అని అడిగాను."

"నిన్న ఏం తిన్నావని అడిగావా? ఎన్ని నీళ్ళు తాగావని? ఇంట్లో ఇంకెవరికి ఇలా ఉందని?"

ఏదీ అడగలేదని చెప్పాను.

"రోగం వచ్చినవాణ్ణి నేను చూసుకుంటాను హబీబీ. రాబోయేవాళ్ళు ఆ గదుల్లో ఉన్నారు. వాళ్ళు నీ ఊరివాళ్ళు, నీ భాషవాళ్ళు. నాకు చెప్పరు, నీకు చెబుతారు. వెళ్ళి అడుగు. యల్లా, కదులు."

అప్పటినుంచి నా అసలు ఉద్యోగం అడగడం.

గోనె సంచుల వైద్యం

అడగడం మొదలుపెట్టాను గానీ, నేనూ మనిషినే కదా, ముందు ఉపన్యాసాలు ఇచ్చాను. ఉప్పు తగ్గించండి, ఊరగాయ తగ్గించండి, పెప్సీ మానండి, నీళ్ళు తాగండి అని గోడకు బొమ్మలు గీసి అంటించాను. వారానికి ఆ బొమ్మల మీద క్రికెట్ స్కోర్లు రాసిపెట్టారు. ఇంకా ఘోరం ఏమిటంటే, నన్ను చూడగానే ఊరగాయ జాడీలను సారాయి సీసాలు దాచినట్టు మంచాల కింద దాచడం మొదలుపెట్టారు. తినడం తగ్గలేదు, నాకు కనబడటం తగ్గింది. ఆరోగ్యం పేరుతో మనిషిని దొంగను చేస్తే వాడు మనకు ఇంకేం చెబుతాడు?

అప్పుడు నోరు మూసుకుని చూడటం నేర్చుకున్నాను. నీళ్ళు ఎందుకు తాగరో తెలుసుకోవాలని ఒకరోజు సెలవు పెట్టి సైటుకు పోయి పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. గంటలోనే తెలిసిపోయింది. నీళ్ళ ట్యాంకు ఇనుపది, ఎండలో ఉంది. పట్టుకుంటే ఆ నీళ్ళతో టీ కాచుకోవచ్చు అన్నంత వేడి. పక్కనున్న బకాలా కొట్లో పెప్సీ చల్లగా ఉంది. నేనైనా పెప్సీయే తాగేవాణ్ణి. పైగా పాయఖానా సైటుకు అటు చివర. పోయి వచ్చేసరికి ఫోర్‌మాన్ అరుస్తాడు. అందుకని కుర్రవాళ్ళు ఉదయం బస్సు ఎక్కేముందు గ్లాసు నీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు.

"తాగితే పోవల్ల గదా సారూ. పోతే వాని నోట్లో పడల్ల. అదంతా ఎందుకని తాగేదే ఇడిసినాం" అన్నాడు ఒకడు, నేనేదో అమాయకుణ్ణి అయినట్టు.

మెస్సులో ఖాళీ అయిన బియ్యం గోనె సంచులు తెచ్చి ట్యాంకుకు చుట్టించాను. పైన గోనెతట్టు కప్పించాను. రోజుకు నాలుగుసార్లు సంచులు తడపాలి, అంతే. క్యాంపు బాసు ఒక ఈజిప్టు ఆయన, అందరూ అబూ హానీ అనేవాళ్ళు. ఆయన్ని పదిరోజులు పీక్కుతిని పాయఖానా ఇంకొకటి పెట్టించాను. నెల తిరిగేసరికి మూత్రం మంట అని వచ్చేవాళ్ళు సగం తగ్గినట్టు నాకే కనబడింది. నా ఉపన్యాసాలకన్నా గోనె సంచి పెద్ద డాక్టరు అని ఆ రోజు ఒప్పుకున్నాను.

రెండో సంగతి మెస్సు. మా క్యాంపులో గదికి పదిమంది. పదిమందికీ ఒకటే పొయ్యి, వంట వంతులవారీగా. అంటే ఆ రోజు గరిటె ఎవడి చేతిలో ఉంటే పదిమంది రక్తపోటూ వాడి చేతిలో ఉన్నట్టే. పదిమందికి చెప్పే బదులు వంతువాడి పక్కన నిలబడి ఉల్లిగడ్డ తరగడం మొదలుపెట్టాను. మాటల్లో మాటగా "ఇంత ఉప్పెందుకప్పా, మీయమ్మ కూడా ఇంతే ఏస్తాదా?" అని అడిగేవాణ్ణి. "మాయమ్మ ఇంత ఏస్తే మా నాయన తట్ట ఇసిరికొడతాడు" అని నవ్వి వాడే తగ్గించేవాడు. పెప్సీ బదులు లబన్ తెచ్చుకోవడం అలవాటైంది. అది మన మజ్జిగే కదా, ఒప్పించే పనే లేదు.

శుక్రవారాలు ఏ గది బీపీ తక్కువో అని గదుల మధ్య పందెం కూడా పెట్టాను. ఓడిన గది గెలిచిన గదికి వండిపెట్టాలి. తొమ్మిదో గదివాళ్ళు అందరికన్నా బక్కపల్చటి కుర్రవాణ్ణి చొక్కా మార్చి రెండు పేర్లతో పంపారు. పట్టుకుని వాళ్ళ చేతనే ఉల్లిగడ్డలు ఒలిపించాను. దొంగ నాయాళ్ళు, నవ్వలేక చచ్చాను.

బంగారు పిల్లోడు

ఓబులేసుది లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళు. కడ్డీలు కట్టే పని. నేను చెప్పిన మాట అక్షరాలా వినేవాడు వాడొక్కడే అని నా నమ్మకం. మిగతావాళ్ళు సీసా నీళ్ళు తాగితే వాడు క్యాను తాగేవాడు. "చూసి నేర్చుకోండిరా, వీడు బంగారు పిల్లోడు" అని గదిలో అందరి ముందూ వాడి భుజం తట్టాను.

డాక్టర్ సమీర్‌కు కూడా గొప్పగా చెప్పాను. ఆయన సిగరెట్టు ఆర్పేశాడు.

"అంత ఎందుకు తాగుతున్నాడు?" అన్నాడు.

నిజమే, ఎందుకు? ఎందుకు తాగడం లేదని రోజంతా ఎండలో కూర్చుని కనిపెట్టినవాణ్ణి, ఎందుకు తాగుతున్నాడని ఒక్కసారి అనుకోలేదు. పిలిపించి చూస్తే చక్కెర మిషను చూపించగలిగిన అంకె దాటిపోయింది. చొక్కా విప్పిస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు. అది అలవాట్లతో వచ్చిన చక్కెర జబ్బు కాదు. చిన్న వయసులో వచ్చేది, ఇన్సులిన్ లేకపోతే మనిషి బతకడు.

వాడు ఏడ్చింది జబ్బుకు కాదు, ఇంటికి పంపేస్తారేమోనని. డాక్టరు కంపెనీతో కొట్లాడి స్టోరులో తేలిక పని ఇప్పించాడు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. వాడి చేతనే వేయించడం నేర్పాను. రోజూ ఒకటే మాట చెప్పేవాణ్ణి: "ఓబులేసూ, ఆకాశం ఊడి కింద పడినా సూది మానొద్దు." వాడు నా మాట అక్షరాలా వింటాడు కదా. సూది వేసుకున్న అరగంటకు తినాలని కూడా చెప్పాను. వాడు తినకుండా ఉండే రోజంటూ ఒకటి ఉంటుందని ఊహించలేదు.

ఓబులేసు గదికి పెద్ద వెంకటరమణ మేస్త్రి. రాజంపేట వైపు మనిషి, నలభై దాటాయి. పిల్లలందరికీ మేస్త్రన్న. శనివారం ఒక్కపొద్దు ఉంటాడు, పగలంతా తినడు, సాయంత్రం స్నానం చేసి కర్పూరం వెలిగించాకే తిండి. అది ఆయన సొంత భక్తి అనుకుని నేనెప్పుడూ కదిలించలేదు. రంజాన్ వచ్చిందంటే మా ముస్లిం పిల్లలను ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, ఎవడు ఏ మాత్ర వాడుతున్నాడు, రోజా ఉండొచ్చా లేదా అని నెల ముందునుంచే అడిగేవాణ్ణి. అది నా ఇంటి ఉపవాసం గనక తెలుసు. పక్కింటి ఉపవాసం గురించి అడగాలన్న ఆలోచనే రాలేదు.

మేమే మిగిలాం

సైన్యం వచ్చిన రోజు డాక్టర్ సమీర్ అమ్మాన్‌లో సెలవులో ఉన్నాడు. మళ్ళీ ఆయన్ని చూడలేదు. అబూ హానీ మూడో రోజు కారెక్కి వెళ్ళిపోయాడు. కంపెనీ ఆఫీసుకు తాళం. పని ఖలాస్, బస్సులు ఖలాస్. క్యాంపులో వందలమంది కుర్రవాళ్ళు, ఒక నర్సు. డాక్టరువా అని అడిగినవాళ్ళందరికీ కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

నా ఫ్రిజ్జులో ఇన్సులిన్ ఆరు సీసాలు ఉన్నాయి. చక్కెర జబ్బువాళ్ళు క్యాంపులో ఇంకా ఇద్దరు ఉన్నారు, పెద్దవాళ్ళు. వాళ్ళకు తిండి సర్ది మాత్రలతో నెట్టుకొచ్చాను. సీసాలన్నీ ఓబులేసు కోసం ఉంచాను. ఒక ఆసుపత్రిలో మలయాళీ సిస్టరమ్మ ఒకామె బతిమాలితే ఇంకో రెండు ఇచ్చింది. ఇంటికి పోయే దారి తెరుచుకునేదాకా ఇవి చాలాలి. చాలకపోతే ఆ పిల్లవాడు నా కళ్ళముందే పోతాడు. రోజూ పొద్దున లేచి ముందు ఫ్రిజ్జు తెరిచి చూసుకునేవాణ్ణి, సీసాలు పిల్లలు పెట్టవు కదా, అయినా చూసేవాణ్ణి.

తిండి తగ్గింది. రొట్టెల దుకాణం దగ్గర ఖుబ్స్ కోసం గంటలకొద్దీ క్యూ. అయినా ఓబులేసు వేళకు తినేలా మెస్సులో ఏర్పాటు చేశాను. ఎవడూ గొణగలేదు. పదిమంది గది అది, ఒకడికి జ్వరమొస్తే తొమ్మిదిమంది గంజి కాచేవాళ్ళు.

రొట్టెల క్యూ

సెప్టెంబరు మొదట్లో ఒక ఉదయం, ఎండ అప్పటికే మండుతోంది. క్యూలో పిల్లలు నిలబడ్డారు, నేను కొంచెం వెనక ఉన్నాను. ముందు ఏదో గొడవ. చూస్తే ఓబులేసు. ఒళ్ళంతా చెమట, చొక్కా పిండితే నీళ్ళు కారేట్టు ఉంది. తూలుతున్నాడు. నోరెత్తి ఎవరికీ ఎదురు చెప్పని పిల్లవాడు క్యూను సర్దుతున్న సిపాయి తుపాకీ గొట్టం పట్టుకుని "తియ్, పక్కకు తియ్" అని నెడుతున్నాడు.

సిపాయి వాడి మెడ పట్టుకున్నాడు. "సక్రాన్!" అని అరిచాడు, తాగి ఉన్నాడని. నేను రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తాను. నాకొచ్చిన అరబ్బీ అంతా ఒక్కసారి కక్కేశాను: "మరీద్, మరీద్! రోగి వీడు, తాగలేదు. చక్కెర జబ్బు. నేను నర్సుని." సిపాయి నమ్మలేదు. వంగి ఓబులేసు నోరు వాసన చూశాడు. మందు వాసన లేదు. మెడ వదిలి భుజాలెగరేసి అవతలికి పోయాడు. వాడు వాసన చూసిన ఆ క్షణం ఎంతసేపో నాకు తెలియదు గానీ ఆయుష్షులో ఏడాది అక్కడే పోయింది.

దుకాణంలోని ఇరానీ ముసలాయన టీకి పెట్టుకున్న చక్కెర డబ్బా ఇచ్చాడు. ఒంట్లో చక్కెర మరీ పడిపోయినా ఇలాగే అవుతుంది గనక, ఓబులేసును నీడలో కూర్చోబెట్టి బుగ్గ లోపల చక్కెర రుద్దాను. మింగగలుగుతున్నాడని చూసుకుని తీపి టీ గుక్కగుక్కగా పట్టాను. పది నిమిషాలకు కళ్ళు నిలిచాయి. ఖుబ్స్ ముక్క తుంచి నోట్లో పెట్టాను, నమిలాడు. రెండో ముక్క పెట్టాను. అప్పుడు నన్ను గుర్తుపట్టాడు. చుట్టూ చూశాడు. నోట్లో ఉన్నదంతా తుపుక్కున ఉమ్మేశాడు.

"ఈపొద్దు శనివారం సారూ! ఒక్కపొద్దుండా!"

"సూది ఏసుకున్న్యావా?"

"ఏసుకున్న్యా. మీరు చెప్పినారు గదా, ఆకాశం ఊడి పడినా మానొద్దని."

నా మాటే. పొల్లు పోకుండా.

బాలింతకు పొద్దుందా

గదికి తీసుకొచ్చి పడుకోబెట్టాక మేస్త్రి మీద విరుచుకుపడ్డాను. "పెద్దోనివి, నీకు బుద్ధి లేదా? ఈ పిల్లోన్ని చంపుతావా?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విషయం అప్పుడు బయటపడింది. ఇల్లు చేరేదాకా శనివారం శనివారం గదిలో పదిమందీ ఒక్కపొద్దు ఉంటామని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు. అంతకుముందు శనివారం కూడా వాడు ఉన్నాడు, ఏదో రకంగా గట్టెక్కాడు. నాకు చెబితే తిడతానని చెప్పలేదు.

"పదిమందీ ఉంటామని మొక్కినాం సారూ. ఒగడు తప్పినా మొక్కు చెడ్తాది" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో మొండితనం లేదు, భయం ఉంది.

మంచం మీదనుంచి ఓబులేసు లేచి కూర్చున్నాడు. "నేను తిన్నందుకు తొమ్మిదిమంది ఈడనే పడి ఉండల్నా సారూ? వాళ్ళ పెండ్లాం బిడ్డలకు నేనేం చెప్పేది? నాకొద్దు. నేను తినను."

తినకపోతే చస్తావని భయపెట్టొచ్చు, కానీ వాడు చావుకు సిద్ధంగానే ఉన్నాడు. మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే వచ్చే శనివారం నాకు తెలియకుండా ఉంటారు. ఊరగాయ జాడీల సంగతి మర్చిపోయేంత మతిమరుపు నాకింకా రాలేదు. ఇక మిగిలింది నాకు చేతనైన ఒకే ఒక్క పని. కింద కూర్చుని అడగడం మొదలుపెట్టాను.

"మేస్త్రన్నా, మీ ఇంట్లో శనివారం ఎవరెవరు పొద్దుంటారు?"

"అందరం ఉంటాం."

"పసిపిల్లోళ్ళు?"

"పిల్లోళ్ళకు ఎందుకు సారూ?"

"మీ కోడలు కాన్పయినప్పుడు?"

"బాలింతకు పొద్దు యాడన్నా ఉంటాదా? ఆయమ్మ తింటేనే గదా బిడ్డకు పాలు."

"మరి ఇంటి మొక్కు చెడదా?"

"చెడదు. ఆయమ్మ బదులు మా ఇంటిది ఇంగో దినం ఉంటాది" అన్నాడు. అని ఆగిపోయాడు. ఓబులేసు వైపు చూశాడు.

నేను మా రోజాల సంగతి చెప్పాను. రోగికి రోజా లేదని, తర్వాత తీర్చుకోవచ్చనీ, అదీ కుదరకపోతే ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టొచ్చనీ. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వాళ్ళ దేవుడి సంగతి వాళ్ళు తేల్చుకోవాలి, నేను తేల్చేది కాదు.

మేస్త్రి లేచి ఓబులేసు మంచం దగ్గరికి పోయాడు. "నీ పొద్దు నేనుంటా. రేపు ఆదివారం. వచ్చేవారం ఇంగొకరు ఉంటారు. వంట వంతు మాదిరి పెట్టుకుంటాం. నువ్వు తిను." మిగతావాళ్ళు అక్కడికక్కడే వంతులు వేసుకున్నారు.

ఒక ఆదివారం వంతు నేనూ అడిగాను. ఇచ్చారు. మా అలవాటు ప్రకారం నీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటే మేస్త్రి మధ్యాహ్నం చెంబు పట్టుకొచ్చాడు. "రొంత నీళ్ళన్నా తాగు సారూ. నువ్వు ఇట్లుంటే మా స్వామి భయపడతాడు" అన్నాడు. యుద్ధం వచ్చాక ఆ గదిలో పదిమందీ కలిసి నవ్వింది అదే మొదలు.

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడ ఒక్క మాట చెబుతాను. ఏం తింటున్నావని ఎవరైనా అడుగుతారు. ఏ రోజు తినవు, ఎందుకు తినవు అని మీరు అడగండి. ఎదుటివాడు మీ మతం కాకపోతే రెండుసార్లు అడగండి. నేను ఏడేళ్ళు అడగలేదు, ఒక పిల్లవాడు తుపాకీ ముందు నిలబడ్డాడు.

బస్సులో

సెప్టెంబరు చివర్లో దారి దొరికింది. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్ సరిహద్దు, అమ్మాన్, అక్కడ మన విమానాలు. బయలుదేరే నాటికి ఇన్సులిన్ ఒక సీసాలో అడుగున మిగిలింది. ఫ్లాస్కులో చల్లటి నీళ్ళు పోసి, సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టాను. పైన తడి తువ్వాలు. మంచుగడ్డ వేస్తే మందు గడ్డకట్టి పాడవుతుంది, అందుకని నీళ్ళే. ఓబులేసు ఆ ఫ్లాస్కును ఒళ్ళోంచి దించలేదు.

బాగ్దాద్ దాటిన మర్నాడు శనివారం. తెల్లవారి సీసా వంచి ఆఖరి చుక్క దాకా లాగాను. సాయంత్రానికి జోర్డాన్ వైపు డాక్టరు దొరక్కపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఓబులేసుకు ఆ మాట చెప్పలేదు. వాడు ఖాళీ సీసా చూసి, మళ్ళీ ఫ్లాస్కులోనే పెట్టుకున్నాడు.

బస్సు నిండా మనవాళ్ళు. కువైటీల ఇళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ముందు సీట్లో లక్షుమ్మ అని చిట్వేలు ఆమె. మామా అని పిలిచే ఇంటి యజమానురాలికి చెప్పకుండా గోడ దూకి వచ్చానని బస్సంతటికీ చెప్పింది. శనివారమని బస్సులో సగంమంది ఒక్కపొద్దు ఉన్నారు. ఎండ దంచుతోంది, పిల్లలు ఏడుస్తున్నారు, సరిహద్దు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. తినే వేళయింది. ఓబులేసు ఖుబ్స్ తీసి ఖర్జూరం పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

లక్షుమ్మ వెనక్కి తిరిగింది. "ఏమప్పా, సిగ్గు ల్యా? ఇంతమంది గోవిందా అని కడుపు మాడ్చుకోని కూచ్చొనుంటే మొగం మీద తింటావా? ఈ బస్సు పోయేది ఆ దేవుని దయతోనే గదా!"

ఓబులేసు నమలడం ఆపేశాడు. ముక్క చేతిలో అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను లేవబోయాను. నాకన్నా ముందు వెంకటరమణ మేస్త్రి లేచాడు.

"నమలరా" అన్నాడు ఓబులేసుతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, బస్సంతా వినబడేట్టు అన్నాడు: "ఈనికి జబ్బమ్మా. సూది ఏసుకున్నాక తినకుంటే సస్తాడు. మేం తొమ్మిదిమందిమి వీని పొద్దు కూడా ఉంటాండాం. వీడు తినేదే మా మొక్కు."

ఓబులేసు తల వంచుకుని మిగిలిన రొట్టె తిన్నాడు.

పొద్దుగూకకముందే సరిహద్దు దాటాం. అవతల ఎడారిలో గుడారాలు, పెద్ద క్యూ. వైద్య గుడారం ఎక్కడని అడుగుతూ పరుగెత్తాను. లోపల ఒక డాక్టరమ్మ. ఖాళీ సీసా చూపించాను. ఆమె సీసా మీద పేరు చదివి పెట్టె తెరిచి రెండు కొత్తవి నా చేతిలో పెట్టింది. ఆ గుడారం వెనక్కి పోయి నిలబడి ఏడ్చాను. ముసలితనంలో ఒప్పుకుంటే తప్పేముంది.

తిరిగి వచ్చేసరికి మావాళ్ళు గుడారం ముందు కూర్చుని ఉన్నారు. కర్పూరం లేదు, దణ్ణం పెట్టుకుని పొద్దు విడవబోతున్నారు. ఓబులేసుకు సిరంజిలో మందు ఎక్కించి ఇచ్చాను, పొట్ట మీద తనే వేసుకున్నాడు. లక్షుమ్మ శిబిరంలో ఇచ్చిన రొట్టె విప్పింది. పగలంతా నోట్లో నీళ్ళు తప్ప ఏమీ పోయని మనిషి. మొదటి ముక్క తుంచింది. తన నోటికి తీసుకోలేదు. ఓబులేసు ముందు పట్టుకుని, ఇవ్వకుండా ఆపింది.

"సూది ఏసుకున్న్యావా నాయనా?" అని అడిగింది.